జకాత్ పేదవాని గుమ్మం దాకా నడిచి వెళ్ళాలి

రంజాన్ శుభమాసం వచ్చిందంటే చాలు, ముస్లిం సమాజంలో దానధర్మాల వసంతం మొదలవుతుంది. పదకొండు నెలలు బిగించి ఉన్న పిడికిళ్ళు సైతం ఆ నెలలో సడలుతాయి. జకాత్ లెక్కలు కట్టేవారు, ఫిత్రా తీసేవారు, ఇఫ్తార్ పంపేవారు, పేదపిల్లలకు పండుగ బట్టలు కొనేవారు ప్రతి వాడలోనూ కనిపిస్తారు. ఇచ్చిన తర్వాత మనసుకు కలిగే తేలికదనం అనుభవించినవారికే తెలుసు. నిజానికి ఇది ధర్మం మనకు ప్రసాదించిన గొప్ప వరం.

అయితే ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఈ ఆనందం ఇచ్చేవారికి మాత్రమే దక్కుతోందా? పుచ్చుకునేవారు కూడా అంతే ఆనందంతో ఇంటికి వెళ్తున్నారా? గత కొన్నేళ్ళలో ముస్లిం దేశాల్లో జరిగిన కొన్ని విషాద సంఘటనలు, మన వీధుల్లో మనం చూస్తున్న కొన్ని దృశ్యాలు ఈ ప్రశ్నను మన ముందు నిలబెట్టాయి.

ప్రాణాలు తీసిన వరుసలు

2023 ఏప్రిల్ 19 రాత్రి. ఈదుల్ ఫిత్ర్ రెండు రోజుల దూరంలో ఉంది. యెమెన్ రాజధాని సనా పాతనగరంలోని ఒక పాఠశాలలో కొందరు వ్యాపారులు పేదలకు డబ్బు పంచుతున్నారని తెలిసి వందలాది మంది అక్కడికి చేరుకున్నారు. మనిషికి 5,000 యెమెనీ రియాళ్ళు, అంటే మన డబ్బులో సుమారు 700 రూపాయలు. ఇరుకైన చోట తొక్కిసలాట జరిగింది. 78 మందికి తగ్గకుండా ప్రాణాలు కోల్పోయారు. ఎన్నో ఏళ్ళ యుద్ధంతో చితికిపోయిన ఆ దేశంలో ఏడు వందల రూపాయలు పిల్లలకు పండుగ పూట అన్నం. ఆ అన్నం కోసం వెళ్ళినవారు శవాలై తిరిగి వచ్చారు.

అదే రంజాన్‌లో, అంతకు మూడు వారాలు కూడా గడవకముందు, మార్చి 31న పాకిస్తాన్‌లోని కరాచీలో ఇలాంటిదే మరో ఘోరం. ఒక కర్మాగారం వద్ద జకాత్ పంపిణీకి వచ్చిన జనం మధ్య నలిగి 11 మందికి తగ్గకుండా మరణించారు. వారంతా స్త్రీలు, పిల్లలే. ఆ నెలలో పాకిస్తాన్‌లో ధరల పెరుగుదల రేటు 35 శాతం దాటిందని గుర్తుంచుకుంటే, ఆ తల్లులు చంటిపిల్లలను చంకన వేసుకుని ఎందుకు పరుగెత్తారో అర్థమవుతుంది. అదే నగరంలో 2009 సెప్టెంబరులో ఒక వ్యాపారి ఉచితంగా గోధుమపిండి పంచుతున్నచోట 18 మందికి పైగా స్త్రీలు, బాలికలు మరణించారు. అంతకు ముందు సంవత్సరం, 2008 సెప్టెంబరులో, ఇండోనేషియాలోని పసురువాన్ పట్టణంలో ఒక ధనికుని ఇంటి ముందు జకాత్ కోసం గుమిగూడిన వారిలో 21 మంది స్త్రీలు చనిపోయారు. అక్కడ పంచినది మనిషికి 30,000 ఇండోనేషియా రూపాయలు, అంటే అప్పటి లెక్కలో మూడు డాలర్ల పైచిలుకు.

ఈ నాలుగు సంఘటనల్లోనూ ఇచ్చినవారు దుర్మార్గులు కారు. ఇవ్వాలన్న తలంపుతోనే ఇచ్చారు. చనిపోయినవారి తప్పు అసలే లేదు. మరి తప్పు ఎక్కడుంది? ఇచ్చే పద్ధతిలో ఉంది. ఒకే రోజు, ఒకే చోట, ముందుగా జాబితా లేకుండా, రండి రండి అని పిలిచి ఇవ్వడంలో ఉంది. దాత తన గుమ్మంలో కూర్చుని పేదవాణ్ణి అక్కడికి రప్పించుకోవడంలో ఉంది.

యెమెన్‌కు వెళ్ళిన తొలి ఆదేశం

విధి ఎంత విచిత్రమైనదో చూడండి. జకాత్ అంటే ఏమిటో వివరించే ప్రఖ్యాత హదీసు యెమెన్ దేశానికి సంబంధించినదే. దైవప్రవక్త (స) హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి)ను యెమెన్‌కు పంపుతూ, ప్రజలకు ఏక దైవారాధనను, నమాజును బోధించిన తర్వాత, వారి ధనికుల నుండి జకాత్ తీసుకుని వారి పేదలకే తిరిగి అందజేయాలని ఆదేశించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఈ హదీసు ఉంది.

ఇందులో ఒక్క మాటను గమనించండి. జకాత్‌ను పేదలకు 'తిరిగి' అందజేయాలట. తిరిగి ఇవ్వడం అనే మాట ఎప్పుడు వాడతాం? ఆ వస్తువు అవతలివారిది అయినప్పుడు. దివ్య ఖుర్ఆన్ కూడా విశ్వాసుల సంపదలో అడిగేవారికీ, అడగలేక మిగిలిపోయినవారికీ నిర్ణీతమైన హక్కు ఉందని ప్రకటిస్తోంది. కనుక లక్ష రూపాయల మీద మనం తీసే 2,500 రూపాయలు మనం చేసే ఉపకారం కాదు. అది మన దగ్గర ఉన్న పరాయి సొమ్ము. అప్పు తీర్చవలసినవాడు అప్పిచ్చినవాణ్ణి తన ఇంటి ముందు ఎండలో నిలబెడతాడా? తానే వెళ్ళి చెల్లించి, ఇన్నాళ్ళు ఆగినందుకు కృతజ్ఞతలు చెప్పి వస్తాడు. జకాత్ చెల్లించే మర్యాద కూడా అదే.

అదే యెమెన్ గురించి అబూ ఉబైద్ తన 'కితాబుల్ అమ్వాల్' గ్రంథంలో మరో విషయం ఉల్లేఖించారు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో ముఆజ్ (రజి) అక్కడి జకాత్‌లో మూడోవంతు మదీనాకు పంపారు. ఉమర్ (రజి) సంతోషించలేదు సరికదా, అక్కడి ధనికుల నుండి తీసుకుని అక్కడి పేదలకు ఇవ్వడానికే కదా నిన్ను పంపింది అని నిలదీశారు. ఇక్కడ పుచ్చుకునేవారు దొరికి ఉంటే పంపేవాణ్ణి కానని ముఆజ్ (రజి) సమాధానమిచ్చారు. మరుసటి ఏడు సగం, ఆ తర్వాత ఏడు మొత్తం పంపవలసి వచ్చిందట. పంపిణీ సక్రమంగా సాగితే పేదరికం ఎలా తరిగిపోతుందో ఆ నేల ఒకప్పుడు చూసింది. పద్ధతి తప్పితే ఏమవుతుందో కూడా ఆ నేలే 2023లో చూసింది.

అడగనివారి సంగతేమిటి?

అడగనిదే అమ్మయినా పెట్టదని తెలుగులో ఒక సామెత ఉంది. లోకం తీరు అదే కావచ్చు. ఇస్లాం బోధన మాత్రం వేరు. ఆత్మాభిమానం వల్ల ఎవరినీ పట్టి పీడించి అడగని పేదలు ఉంటారని, వారి సంగతి తెలియనివాడు వారిని కలిగినవారుగా భావిస్తాడని, ముఖం చూసి వారిని గుర్తించాలని ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో బోధిస్తోంది. ఉర్దూలో ఇలాంటివారిని 'సఫేద్ పోష్' అంటారు. అంటే ఉతికిన తెల్లబట్టల వెనుక లేమిని దాచుకునేవారు.

మన చుట్టూ వారు తక్కువగా లేరు. జీతం ఆగిపోయిన ప్రైవేటు బడి పంతులు, కిరాయి కట్టలేని ఆటో డ్రైవరు, కుట్టుపని తగ్గిపోయిన దర్జీ, భర్త పోయాక మరొకరి ఇంటి గడప తొక్కని ఇల్లాలు, కొడుకులు ఉండీ లేనట్టయిన వృద్ధులు. వీరెవరూ వరుసలో నిలబడరు. బహిరంగ పంపిణీలో బలం, గొంతు ఉన్నవారికే దక్కుతుంది. బలహీనులు వెనుకబడతారు, మానధనులు అసలు రారు. కనుక వరుసల పద్ధతి ప్రమాదకరమైనది మాత్రమే కాదు, అసలైన హక్కుదారులకు అందనిది కూడా.

దీనికి తోడు ఇప్పుడు సెల్‌ఫోను కెమెరా వచ్చి చేరింది. ఐదు కిలోల బియ్యం సంచి ఒక్కటి. దానికి ఇటు పదిమంది చేతులు, అటు ఒక ముసలి అవ్వ చేతులు. ఆ ఫోటో గంటలో వాట్సాప్ గుంపులన్నీ తిరిగి వస్తుంది. బియ్యం వారంలో అయిపోతాయి. ఫోటో మాత్రం ఆ అవ్వ మనవరాలికి సంబంధం చూసే రోజు దాకా ఉంటుంది. బడుల్లో సైతం పేదపిల్లలను పేరు పెట్టి వేదిక మీదికి పిలిచి పుస్తకాలు, బట్టలు ఇస్తున్నారు. మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెబుతున్న ఈ వ్యాసకర్త ఆ పిల్లల ముఖాలు చూశాడు. బహుమతి గెలిచి వేదిక ఎక్కే పిల్లవాడి నడక ఒకలా ఉంటుంది, సాయం కోసం వేదిక ఎక్కే పిల్లవాడి నడక మరోలా ఉంటుంది. దెప్పిపొడిచి, మనసు నొప్పించి మీ దానాలను వ్యర్థం చేసుకోకండని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. నోటితో అనే మాట ఒక్కటే దెప్పిపొడుపు కాదు, ఫోటో కూడా దెప్పిపొడుపు కాగలదు.

అజ్ఞాత దాత ఇచ్చిన ఆనందం

మదరసాలో చదువుకున్నవారికి ఈ విషయం మరింత బాగా తెలుసు. మేము బాల్యంలో తిన్న అన్నం, చదివిన కితాబులు, చలికాలంలో కప్పుకున్న దుప్పటి చాలావరకు ఎవరో ఇచ్చిన జకాత్, సదఖాలే. ఆ ఇచ్చినవారు ఎవరో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఊరూరా తిరిగి చందా తెచ్చే సఫీర్ సాహెబ్ రసీదు పుస్తకంలో వారి పేర్లు ఉండి ఉంటాయి. మాకు మాత్రం ఎవరూ చూపలేదు. అందుకే ఫలానా సేఠ్ అన్నం తిన్నామన్న బరువు మా నెత్తిన లేదు. ఆయన వీధిలో ఎదురైతే తల దించుకోవలసిన అవసరం రాలేదు. దానికి బదులు ప్రతి నమాజు తర్వాత దుఆ చేసేటప్పుడు, తెలియని ఆ ఉపకారులందరూ గుర్తుకు వస్తారు. దాత కనిపించకపోతే కృతజ్ఞత తగ్గిపోతుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. దాత కనిపించనప్పుడు కృతజ్ఞత ముందు అల్లాహ్ వైపునకు మళ్ళుతుంది, ఆపైన యావత్ సమాజం మీద ప్రేమగా మారుతుంది.

హజ్రత్ జైనుల్ ఆబిదీన్ (రహ్మ)గా పేరొందిన అలీ బిన్ హుసైన్ గురించి చరిత్రకారులు రాసిన ఉదంతం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మదీనాలోని కొన్ని పేద కుటుంబాలకు రాత్రిపూట గుమ్మం ముందు ఆహారం దొరికేది. తెచ్చేది ఎవరో వారికి తెలియదు. ఆయన మరణించిన తర్వాత ఆ ఆహారం ఆగిపోయింది. భౌతికకాయానికి గుసుల్ చేయించేవారు ఆయన వీపు మీద బస్తాలు మోసిన మచ్చలు చూశారు. అప్పుడు గానీ సంగతి బయటపడలేదు. ప్రవక్త (స) వంశీయుడు, మహా పండితుడు తన వీపు మీద మోసుకుని పేదవాని గుమ్మం దాకా నడిచాడు. మన కార్లు ఆ గల్లీల్లోకి ఎందుకు పోలేకపోతున్నాయి?

కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి కూడా తెలియనంత గోప్యంగా ఇచ్చే వ్యక్తికి ప్రళయదినాన అల్లాహ్ నీడ లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. బహిరంగంగా ఇవ్వడం నిషిద్ధం కాదు. నలుగురికీ ప్రోత్సాహం కలగాలని బాహాటంగా ఇస్తే అదీ మంచిదేనని, గోప్యంగా పేదలకు అందజేస్తే మరింత మేలని ఖుర్ఆన్ స్పష్టం చేసింది. కనుక చందా ప్రకటించేటప్పుడు దాత పేరు చెప్పినా ఫరవాలేదు. పుచ్చుకునేవారి ముఖం మాత్రం చూపరాదు.

ఆధునిక పరిశోధనలు కూడా ఇవ్వడంలోని ఆనందాన్ని ధ్రువపరుస్తున్నాయి. 2008లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో పరిశోధకులు కొందరికి 5 డాలర్లు, కొందరికి 20 డాలర్లు ఇచ్చి, సాయంత్రంలోగా కొందరిని తమ కోసం, మరికొందరిని ఇతరుల కోసం ఖర్చు చేయమన్నారు. ఇతరుల కోసం ఖర్చు చేసినవారే ఎక్కువ సంతోషంగా కనిపించారు. మొత్తం ఐదా, ఇరవయ్యా అన్నది తేడా చూపలేదు. తాము ఇచ్చింది అవతలివారికి నిజంగా ఉపయోగపడిందని తెలిసినప్పుడు ఆ సంతోషం పెరుగుతుందని తర్వాతి అధ్యయనాలు తెలిపాయి. అంటే పుచ్చుకునేవాని మేలులోనే ఇచ్చేవాని ఆనందం దాగి ఉంది. వరుసలో తోపులాట మధ్య విసిరిన నోటు ఈ ఆనందాన్ని ఇవ్వలేదు.

మన బాధ్యత మరింత పెద్దది

పాకిస్తాన్‌లో 1980లో వచ్చిన ఆర్డినెన్సు ప్రకారం రంజాన్ మొదటి రోజున బ్యాంకుల పొదుపు ఖాతాల నుండి రెండున్నర శాతం ప్రభుత్వమే కోసుకునే ఏర్పాటు చేశారు. ప్రభుత్వ పంపిణీ మీద నమ్మకం లేక చాలామంది రంజాన్‌కు ముందే డబ్బు తీసేసుకోవడం అలవాటు చేసుకున్నారు. ఇండోనేషియాలో 2011లో కొత్త జకాత్ చట్టం చేసి జాతీయ సంస్థకు పెద్ద బాధ్యత అప్పగించారు. మన దేశంలో జకాత్ వసూలు, పంపిణీ ప్రభుత్వ వ్యవహారం కాదు. కనుక మంచి జరిగినా చెడు జరిగినా అది మన చేతుల్లోనే ఉంది. మసీదు కమిటీలు, బైతుల్‌మాల్‌లు, ట్రస్టులు, ఆపైన ప్రతి కుటుంబమూ ఇందుకు బాధ్యులే.

మనం చేయలేమని అనడానికి వీల్లేదు. 2020 రంజాన్ లాక్‌డౌన్‌లో గడిచింది. గుంపు కూడరాదన్న ఆంక్షల వల్ల మన యువకులు బియ్యం, పప్పు, నూనె సంచులు కట్టి ఇంటింటికీ తీసుకువెళ్ళారు. ముస్లిం, హిందూ అన్న తేడా చూడలేదు. ఆ సంవత్సరం సహాయం తనంతట తానే పేదవాని గుమ్మం చేరింది. అప్పుడు గత్యంతరం లేక నేర్చుకున్న పద్ధతిని ఇప్పుడు ఇష్టపూర్వకంగా కొనసాగించవచ్చు కదా!

ఇందుకు పెద్ద ప్రణాళికలేవీ అక్కర్లేదు. ఈ కింది పనులు ఏ మొహల్లాలోనైనా సాధ్యమే.

మొదటిది, షాబాన్ మాసంలోనే మసీదు పరిధిలోని అగత్యపరుల జాబితా సిద్ధం చేయాలి. ఈ పనిలో స్త్రీల సహాయం తప్పక తీసుకోవాలి. ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో మగవారికన్నా పొరుగింటి ఆడవారికే ముందు తెలుస్తుంది. ఆ జాబితా ఇద్దరు ముగ్గురు నమ్మకస్తుల వద్దనే ఉండాలి.

రెండవది, ఇచ్చేటప్పుడు ఇది జకాత్ అని చెప్పవలసిన పని లేదు. ఇచ్చేవారి సంకల్పం సరిగా ఉంటే చాలునని, పిల్లలకు ఈదీ అనో, పండుగ కానుక అనో చెప్పి ఇచ్చినా జకాత్ నెరవేరుతుందని హనఫీ ధర్మవేత్తలు వివరించారు. పేదవాని ఇజ్జత్ కాపాడే ఈ వెసులుబాటు చాలామందికి తెలియకపోవడం విచారకరం.

మూడవది, వంద మందికి వంద రూపాయల చొప్పున చల్లడం కన్నా, కొందరినైనా చేయి చాచే స్థితి నుండి పైకి తీసుకురావడం మేలు. ఇస్తే అవసరం తీరేలా ఇవ్వాలన్నది హజ్రత్ ఉమర్ (రజి) ధోరణి. ఒక తోపుడుబండి, ఒక కుట్టుమిషను, ఒక విద్యార్థిని నర్సింగు ఫీజు, ఒక తీరని ఆసుపత్రి అప్పు. ఈ ఏడు పుచ్చుకున్న ఇల్లు రాబోయే ఏడు ఇచ్చే ఇల్లు కావాలి.

నాలుగవది, లెక్క. జకాత్ వసూలు చేసే ప్రతి సంస్థా ఎంత వచ్చింది, ఏ పద్దు కింద ఎంత వెచ్చించింది అన్నది మసీదు నోటీసుబోర్డు మీద పెట్టాలి. ఫోటోలు లేకపోతే దాతలకు నమ్మకం ఎలా కలుగుతుందని కొందరు అడుగుతున్నారు. నమ్మకం లెక్కలతో కలుగుతుంది, కన్నీళ్ళ ఫోటోలతో కాదు. ఫోనుకు వచ్చిన ప్రతి క్యూఆర్ కోడ్‌కూ డబ్బు పంపే దాతలు కూడా ఆ సంస్థ ఎవరిది, లెక్క ఎక్కడ అని అడగడం నేర్చుకోవాలి. ఇది అనుమానం కాదు, అమానతు పట్ల జాగ్రత్త.

ఐదవది, బంధువులు. పేదకు ఇస్తే సదఖా పుణ్యం ఒక్కటే, పేద బంధువుకు ఇస్తే సదఖాతో పాటు బంధుత్వాన్ని నిలబెట్టిన పుణ్యం కూడా లభిస్తుందని హదీసు తెలుపుతోంది. తల్లిదండ్రులకు, సంతానానికి, భార్యకు జకాత్ ఇవ్వరాదు. వారి పోషణ ఎలాగూ మన బాధ్యతే. కానీ పేదవారైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్తలు, పినతల్లులు అర్హులే. ఎక్కడో దూరాన ఉన్న సంస్థకు పంపి, పక్క ఊళ్ళో ఉన్న వితంతువైన అక్కను మరచిపోవడం ఏ రకమైన దానశీలత?

పుచ్చుకునేవారికీ ఇచ్చే భాగ్యం

చివరగా ఒక మాట. ఇచ్చే ఆనందం ధనికుల సొత్తు కాదు. ఖర్జూరంలో సగం ముక్క ఇచ్చి అయినా నరకాగ్ని నుండి కాపాడుకోమని ప్రవక్త (స) ఉపదేశించారు. చిరునవ్వు కూడా సదఖాయేనన్నారు. పేదవాడు తన రొట్టెలో తునకను పొరుగువానికి పంపినా, రోగి పక్కన రాత్రంతా మేలుకున్నా అతనూ దాతే. అవసరం తీరిన తర్వాత కూడా అడుగుతూ పోవడం తగదని పుచ్చుకునేవారు కూడా గుర్తుంచుకోవాలి. మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞత తెలుపనివాడేనన్న ప్రవక్త (స) హితవు అందరికీ వర్తిస్తుంది.

ఈ హితవు దాతకు మరింత వర్తిస్తుంది. మనం పుచ్చుకునేవారి నుండి షుక్రియా ఆశిస్తాం. అల్లాహ్ ప్రసన్నత కోసమే అన్నం పెడుతున్నాం, మీ నుండి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ కోరడం లేదు అనే పుణ్యాత్ములను ఖుర్ఆన్ ప్రశంసించింది. ఆలోచించి చూస్తే కృతజ్ఞత చెప్పవలసింది మనమే. మన దగ్గర ఉన్న పరాయి సొమ్మును స్వీకరించి, మన సంపదను శుద్ధి చేసి, మన నెత్తిన ఉన్న రుణం దించినవాడు ఆ పేదవాడు. అతను తీసుకోనంటే మన జకాత్ ఎక్కడికి పోతుంది?

కనుక సోదర సోదరీమణులారా! ఈసారి జకాత్ తీసిన రోజున గుమ్మం ముందు వరుస కట్టించకండి. చెప్పులు వేసుకుని మీరే బయలుదేరండి. దీపం వెలగని ఇల్లు ఎక్కడుందో వెతకండి. తలుపు మెల్లగా తట్టి, సలాం చెప్పి, కవరు చేతికిచ్చి, మా కోసం దుఆ చేయండమ్మా అని అడిగి తిరిగి రండి. ఆ దారిలో మీకు కలిగే ఆనందాన్ని ఏ ఫోటో చూపలేదు.

ఇచ్చే చేతులకు వినయాన్ని, పుచ్చుకునే చేతులకు గౌరవాన్ని, అందరి హృదయాలకూ షుక్ర్ భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.